సగం ఏడాది మంచు కింద ఉండే సరస్సుల్లో ఏం జరుగుతుంది? జాతులు తక్కువైతే పని తగ్గుతుందా?

ప్రశ్న: గుంటూరులో ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్నాను. శీతల ప్రాంతాల మంచినీటిలో జీవవైవిధ్యం, ఆవరణ వ్యవస్థ పనితీరు మీద సెమినార్ ఇవ్వాలి. జాతులు ఎక్కువుంటే వ్యవస్థ బాగా పనిచేస్తుందని పుస్తకాల్లో ఉంది. అక్కడేమో జాతులే తక్కువ, పైగా సగం ఏడాది మంచు. మరి ఆ సరస్సులు ఎలా నడుస్తున్నాయి? మన కాలువలతో, కొల్లేరుతో పోల్చి చెప్పగలరా? ప్రాజెక్టుగా ఏదైనా చేయొచ్చా?

సమాధానం:

ఉత్తర స్వీడన్ వాగుల మీద కొన్నేళ్లు పనిచేసి ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను కాబట్టి రెండు వైపులా కాస్త చూసిన అనుభవంతో చెబుతున్నాను. కొంచెం పెద్ద జవాబే అవుతుంది.

ముందు ఒక ఊహని పక్కన పెట్టాలి. మంచు పట్టిందంటే సరస్సు మూతపడినట్టు కాదు. నీళ్లు 4 డిగ్రీల దగ్గర అన్నిటికంటే బరువుగా ఉంటాయి. అందుకే చలి పెరిగేకొద్దీ ఆ 4 డిగ్రీల నీళ్లు అడుక్కి చేరతాయి, అంతకన్నా చల్లనివి పైనే ఉండి గడ్డకడతాయి. మంచు తేలుతుంది. కింద చేపలు, పురుగులు, నాచు అన్నీ మామూలుగానే బతుకుతాయి, కాకపోతే నెమ్మదిగా. శరదృతువులో ఒకసారి, మంచు కరిగాక మరోసారి సరస్సు మొత్తం పైనీళ్లు కిందికీ కింది నీళ్లు పైకీ తిరగబడతాయి. అప్పుడే అడుగుకి ఆక్సిజన్, పైకి ఫాస్ఫరస్, నత్రజని అందుతాయి. ఈ రెండు తిరుగుళ్ల మీదే మిగతా కథంతా నడుస్తుంది.

మంచు కింద వెలుతురు ఉంటుందా అంటే, ఉంటుంది. స్వచ్ఛమైన మంచుగడ్డ వెలుతురుని బాగానే పంపిస్తుంది. ఆపేది దాని మీద పేరుకునే పొడిమంచు. సైబీరియాలోని బైకాల్ సరస్సులో గాలి ఈ పొడిమంచుని చాలా చోట్ల ఊడ్చేస్తుంది. 1642 మీటర్ల లోతున్న సరస్సు అది, భూమ్మీద గడ్డకట్టకుండా పైన కనబడే మంచినీళ్లలో దాదాపు 20 శాతం అందులోనే ఉంది. ఆ మంచు కిందే, చలికాలం చివర్లో, ఆలకోసైరా అనే డయాటమ్‌లు, అంటే కంటికి కనబడనంత చిన్న నాచు, విపరీతంగా పెరుగుతాయి. వేసవిలో కాదు, మంచు కింద! ఆ నాచుని మేసేది ఎపిషూరా అనే కోపీపాడ్ (రొయ్యకి దూరపు చుట్టమైన చిన్న జీవి), బైకాల్‌కే ప్రత్యేకమైనది. జూప్లాంక్టన్‌లో, అంటే నీళ్లలో తేలుతూ బతికే చిన్న జంతువుల్లో, సింహభాగం అదే. దాన్ని తినే చేపలు, ఆ చేపల్ని తినే నెర్పా అనే మంచినీటి సీల్. కొన్ని జాతుల మీదే ఇంత పెద్ద గొలుసు వేలాడుతోంది.

ఈ సంగతులు తెలియడానికి కారణం ఒక కుటుంబం. మిఖాయిల్ కొజోవ్ అనే శాస్త్రవేత్త 1945లో బైకాల్‌లో ఒకే చోట క్రమం తప్పకుండా నీళ్లు తోడి చూడటం మొదలుపెట్టారు. ఆయన తర్వాత కూతురు ఓల్గా, ఆమె తర్వాత మనవరాలు ల్యుబోవ్ ఆ పని కొనసాగించారు, మంచులోనూ, సోవియట్ యూనియన్ కూలిన రోజుల్లోనూ. అరవై ఏళ్ల లెక్కలు 2008లో బయటికొచ్చినప్పుడు పైనీళ్ల ఉష్ణోగ్రత 1946 నుంచి 1.2 డిగ్రీలు పెరిగిందనీ, వెచ్చదనాన్ని ఇష్టపడే క్లాడోసెరాన్లు (నీటి ఈగలు అనే చిన్న జీవులు) బాగా పెరుగుతున్నాయనీ తేలింది. మూడేళ్ల ఫండింగ్‌తో నడిచే ప్రాజెక్టుల్లో ఇలాంటిది దొరకదు. మీ సెమినార్‌లో ఒక స్లయిడ్ దీనికి ఇవ్వండి.

చాలాకాలం మా రంగంలో వాళ్లే చలికాలంలో పడవలు ఒడ్డెక్కించి ఇళ్లకి పోయేవాళ్లు. అందుకే "చలికాలంలో ఏమీ ఉండదు" అన్న మాట పుస్తకాల్లో స్థిరపడింది. 2017లో 101 సరస్సుల లెక్కలు ఒకచోట చేర్చి చూస్తే మంచు కింద నాచు సగటున వేసవిలో ఉండేదానిలో 40 శాతం పైగా ఉంది, జూప్లాంక్టన్ సుమారు పావు వంతు. తక్కువే, కానీ సున్నా మాత్రం కాదు. ఇప్పుడా మంచే తగ్గుతోంది. జపాన్‌లో సువా సరస్సు ఏ ఏడాది ఎప్పుడు గడ్డకట్టిందో 1443 నుంచి అక్కడి షింటో పూజారులు రాసిపెడుతూ వచ్చారు. ఈ మధ్య చాలా ఏళ్లు రాయడానికి గడ్డకట్టడమే ఉండట్లేదు.

ఇప్పుడు ఆక్సిజన్. కైకలూరు వైపు చేపల రైతుని అడిగితే డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, ఏమిటో నాకంటే బాగా చెబుతాడు. 0 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 14.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర సుమారు 7.5. దానికి తోడు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే జీవుల శ్వాసక్రియ వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే మన నీళ్లలో నిల్వ సగం, ఖర్చు ఎన్నో రెట్లు. అందుకే ఇక్కడ మబ్బు పట్టిన రాత్రి గడిచి తెల్లవారేసరికి చెరువులో చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి, ఏరేటర్ వేయడం ఆలస్యమైతే చచ్చి తేలతాయి. చల్లని సరస్సుకి నెలల తరబడి గాలి తగలకపోయినా నిల్వ సరిపోతుంది. అన్నిటికీ కాదు. లోతు తక్కువ చెరువుల్లో పొడిమంచు మందంగా పడితే కిరణజన్య సంయోగక్రియ ఆగిపోయి, అడుగున కుళ్లేది ఆక్సిజన్‌ని తినేసి, వసంతంలో మంచు కరిగాక చచ్చిన చేపలు బయటపడతాయి. ఆ పరిస్థితిలో కూడా బతికేది క్రూషియన్ కార్ప్ ఒకటుంది, మన బొచ్చె, రాగండి కుటుంబానిదే. ఆక్సిజన్ అసలు లేకుండా నెలలు గడుపుతుంది. ఒంట్లో తయారయ్యే లాక్టిక్ ఆమ్లాన్ని ఆల్కహాల్‌గా మార్చి మొప్పల ద్వారా బయటికి వదిలేస్తుంది. సెమినార్‌లో ఇది చెబితే వెనక బెంచీ కూడా లేచి కూర్చుంటుంది.

మీ అసలు ప్రశ్నకి వస్తాను. జాతులు తక్కువైతే పని, అంటే తిండి తయారవడం, ఆకులు కుళ్లడం, పోషకాలు తిరగడం లాంటివి, తక్కువవుతుందా?

నా అభిప్రాయంలో ఈ ప్రశ్నని ఇంకోలా అడగాలి. ఒక్కో పనికి ఎంతమంది ఉన్నారు, ఒకరు పోతే ఆ పని అందుకునేవాళ్లున్నారా అని. పెళ్లి వంటల్లో పులిహోర కలిపే మనిషి రాకపోతే ఇంకొకరు కలుపుతారు. ఇంట్లో వండేది ఒక్కరే అయి మంచాన పడితే ఆ పూట పొయ్యి వెలగదు. చల్లని నీళ్లది రెండో పరిస్థితి. మామూలు రోజుల్లో పని బ్రహ్మాండంగా సాగుతుంది. తేడా తెలిసేది ఎవరో ఒకరు పోయినప్పుడే.

నేను దగ్గర్నుంచి చూసిన పని, ఆకులు కుళ్లడం. ఉత్తరాది (స్వీడన్ లాంటి చల్లని దేశాల) వాగుల్లో నీళ్ల మీదికి ఎండ పెద్దగా రాదు. ఒడ్డున చెట్లు రాల్చే ఆకులే ప్రధానమైన తిండి. ముందు శిలీంధ్రాలు ఆకుని మెత్తబరుస్తాయి. తర్వాత స్టోన్‌ఫ్లై, క్యాడిస్‌ఫ్లై పిల్లపురుగులు, గామరస్ లాంటి చిన్న రొయ్యజాతి జీవులు దాన్ని కొరికి ముక్కలు చేస్తాయి. ఆ ముక్కలు కిందికి కొట్టుకుపోయి వడగట్టుకు తినే పురుగులకు ఆహారం. చలికాలంలో, నీళ్లు 2 డిగ్రీలున్నప్పుడు కూడా ఈ స్టోన్‌ఫ్లైలు తింటూనే ఉంటాయి, చాలా జాతులు పెరిగేదే అప్పుడు. 2000లో స్వీడన్‌లోని ఉమియో విశ్వవిద్యాలయానికి చెందిన మికాయెల్ యోన్సన్, బ్యోర్న్ మాల్మ్‌క్విస్ట్ ఒక చక్కని ప్రయోగం ప్రచురించారు. పురుగుల మొత్తం సంఖ్య మార్చకుండా, ఒకే జాతి స్టోన్‌ఫ్లైలు ఉన్న గిన్నెలనీ రెండు మూడు జాతులు కలిసున్న గిన్నెలనీ పోల్చారు. జాతులు పెరిగేకొద్దీ ఆకులు తొందరగా తరిగిపోయాయి. మొత్తం మూడే జాతులు, అయినా తేడా కనిపించింది. జాతుల సంఖ్య తక్కువగా ఉన్నచోట ఒక్క జాతి విలువ ఎంత ఎక్కువో దీన్నిబట్టి ఊహించుకోండి.

మన దగ్గర ఆ కొరికే పురుగులు తక్కువ. మరి ఆకులు కుళ్లడం లేదా? కుళ్లుతాయి. ఆ పని శిలీంధ్రాలు, బ్యాక్టీరియా ఎక్కువగా చేస్తాయి. ప్రపంచంలో వేర్వేరు అక్షాంశాల్లో 22 వాగుల్లో ఒకే రకం ఆల్డర్ ఆకులు వేసి చూసిన ఫలితం 2011లో వచ్చింది. మొత్తం కుళ్లే వేగం ఉష్ణోగ్రతతో పాటు పెద్దగా మారలేదు, కానీ చల్లని చోట పురుగుల వాటా ఎక్కువ, వెచ్చని చోట సూక్ష్మజీవుల వాటా ఎక్కువ. సూక్ష్మజీవులు తింటే కార్బన్‌లో ఎక్కువ భాగం వాయువై పైకి పోతుంది. పురుగులు తింటే చాలామటుకు ముక్కలుగా, మలంగా వాగులోనే ఉండి ఇంకొకరికి తిండి అవుతుంది. వేగం ఒకటే, ఫలితం వేరు. మీరు పట్టికలో "కుళ్లే వేగం" అని ఒక్క అంకె పెడితే ఈ సంగతంతా మాయమవుతుంది.

ఇంకో మాట. చల్లని సరస్సుల్లో జాతులు తక్కువ అనేటప్పుడు ఏది లెక్కపెడుతున్నామో చూసుకోవాలి. ఐస్‌లాండ్‌లో థింగ్‌వట్లవాట్న్ సరస్సులో ఆర్కిటిక్ చార్ చేప ఒకటే జాతి, కానీ నాలుగు రూపాలు. ఒకటి ప్లాంక్టన్ తింటుంది, ఒకటి చేపల్ని వేటాడుతుంది, అడుగున రాళ్ల మధ్య మేసేవి రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మూతి తీరు, పెరిగే సైజు, గుడ్లు పెట్టే కాలం వేరు. హిమయుగం మంచు కరిగాక వచ్చిన ఈ ఒక్క జాతే, పోటీ పడేవాళ్లు పెద్దగా లేక, నాలుగు ఉద్యోగాలు పంచుకుంది. చెక్‌లిస్టులో మాత్రం అది "1".

ఐస్‌లాండ్‌లోనే మీవాట్న్ అని ఇంకోటి ఉంది, దోమల సరస్సు అని అర్థం. కుట్టని దోమలే, కైరోనామిడ్లు. వాటి పిల్లపురుగులు అడుగు బురదలో నాచు తిని, ఒక్కసారిగా ఎగిరి, ఒడ్డు మీద పొగలా ముసురుతాయి. చచ్చి గడ్డిలో పడి దానికి ఎరువవుతాయి. సరస్సు నుంచి నేలకి నత్రజని ఇలా చేరుతుంది. ఉత్తరాది చిత్తడి నేలల్లో పుట్టే బాతుపిల్లలు మొదటి వారాల్లో బతికేది ఇలాంటి పురుగుల మీదే. చలికాలంలో కొల్లేరుకి వచ్చే సూదితోక బాతులు కూడా సైబీరియా వైపు అలాంటి తిండి తిని రెక్కలొచ్చినవే. అక్కడి చెరువు పనితీరు ఇక్కడ ఆకాశంలో ఎగురుతోందన్నమాట.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే కథ. కెనడాలోని ఒంటారియోలో 1968లో మొదలైన ప్రయోగ సరస్సుల ప్రాంతం ఉంది. అక్కడ సరస్సులకి సరస్సుల్నే ప్రయోగశాలగా వాడతారు. డేవిడ్ షిండ్లర్ బృందం 1976 నుంచి 223వ నంబర్ సరస్సులో ఏటా కొంచెం కొంచెంగా సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపింది. 6.8 దగ్గరున్న పీహెచ్ కొన్నేళ్లలో 5 దాకా దిగింది. ఆమ్ల వర్షం ఏం చేస్తుందో తెలుసుకోవడమే ఉద్దేశం. పనితీరు కొలతలు ఏమన్నాయి? కిరణజన్య ఉత్పత్తి తగ్గలేదు. కుళ్లడం తగ్గలేదు. పోషకాలు మారలేదు. ఆ అంకెలు మాత్రమే చూసేవాడికి సరస్సు ఆరోగ్యంగా ఉంది.

కానీ లోపల, పీహెచ్ 6 కిందికి రాగానే మైసిస్ అనే చిన్న రొయ్యలాంటిది అంతరించింది. ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప పిల్లలు పెట్టడం మానేసింది. ఈ రెండూ లేక్ ట్రౌట్ అనే పెద్ద చేపకి ముఖ్యమైన తిండి. కొన్నాళ్లు పెర్ల్ డేస్ అనే ఇంకో చిన్న చేప పెరిగి ఆ ఖాళీ పూడ్చింది. తర్వాత అదీ పోయింది. ట్రౌట్ ఆమ్లంతో నేరుగా చావలేదు, తిండి లేక ఎండిపోయింది. చిక్కిపోయి, ఎముకలు తేలిన ఆ చేపల ఫొటోలు నేటికీ పాఠాల్లో చూపిస్తారు. షిండ్లర్ తేల్చిందేమంటే, కాలుష్యాన్ని ముందుగా పట్టిచ్చేది జాతుల మార్పు. మొత్తం ఉత్పత్తి లాంటి అంకెలు అన్నిటికంటే ఆలస్యంగా కదులుతాయి. పనితీరు బాగుంది కాబట్టి ఫర్వాలేదు అనేవాళ్లకి నేను ఈ సరస్సు నంబర్ చెబుతాను.

అదే మైసిస్‌ని తీసుకెళ్లి కలిపితే ఏమైంది? అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని ఫ్లాట్‌హెడ్ సరస్సు ఎగువ చెరువుల్లో కొకనీ సాల్మన్‌కి తిండిగా ఉంటుందని అధికారులు మైసిస్‌ని వదిలారు. 1981కి అది ఫ్లాట్‌హెడ్‌లోకి చేరింది. మైసిస్ పగలు లోతున దాక్కుంటుంది, రాత్రి పైకొచ్చి డాఫ్నియా అనే నీటి ఈగని తింటుంది. కొకనీ పగలు పైన మేసే చేప. కాబట్టి మైసిస్ దానికి దొరకలేదు, పైగా దాని తిండిని మైసిస్ తినేసింది. లోతున ఉండే లేక్ ట్రౌట్ మైసిస్‌ని తిని బలిసి, కొకనీ మీద కూడా పడింది. 1985లో గుడ్లు పెట్టడానికి వాగెక్కిన కొకనీలు లక్ష దాటితే 1989లో 50. వాటి కోసం అక్కడికి చేరే బట్టతల గద్దలు 1981లో 639 లెక్క తేలితే 1989లో 25. జాతుల లెక్కలో మాత్రం ఒకటి పెరిగింది! (కొకనీ కూడా బయటి నుంచి తెచ్చి వదిలిందే అన్నది వేరే సంగతి.) ఒకచోట మైసిస్ పోయి కొంప మునిగింది, ఇంకోచోట మైసిస్ వచ్చి మునిగింది. జాతుల సంఖ్యని అడ్డంగా, పనితీరుని నిలువుగా పెట్టి గ్రాఫు గీసి గీత లాగేవాళ్లు ఈ రెండు సరస్సుల్నీ ఎక్కడ పెడతారో చూడాలి.

కొల్లేరుతో పోలిక అడిగారు. అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా 2002లో రామ్‌సర్ గుర్తింపు వచ్చిన సరస్సు. 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు, ఆ గొడవ మీకు తెలిసిందే, అందులోకి వెళ్లను. నేను చెప్పదలచుకున్నది చుట్టూ ఉన్న చేపల చెరువుల గురించి. రెండు మూడు జాతుల చేపలు, ఎకరానికి టన్నులు. ఉత్పత్తి అనే పనితీరు చూస్తే ఉత్తరాది ఏ సరస్సూ దగ్గరికి రాదు. అయితే ఆ చెరువులో ఆక్సిజన్ ఇచ్చేది ఏరేటర్, తిండి తెచ్చేది లారీ, నీటిని సరిచేసేది సున్నం. జాతులు చేయాల్సిన పని రైతు కరెంటు బిల్లు చేస్తోంది. బైకాల్‌కి కరెంటు కనెక్షన్ లేదు. అందుకే టన్నులకి టన్నులు పోల్చకండి. ఏ పని ఎవరు చేస్తున్నారన్నది పోల్చండి.

విజయవాడ కాలువల్లో గుర్రపు డెక్క కూడా పోలికకి పనికొస్తుంది. అది కూడా మంచులాగే నీటికి కప్పు, వెలుతురునీ గాలినీ ఆపుతుంది. తేడా అడుగు నీళ్లలో ఉంది. మంచు కింద 4 డిగ్రీలు, శ్వాసక్రియ నెమ్మది, శరదృతువులో నిండిన ఆక్సిజన్ నిల్వ. డెక్క కింద 28, 30 డిగ్రీలు, ఊరి మురుగు, కుళ్లుతున్న వేళ్లు. నెలల్లో జరిగేది ఇక్కడ రాత్రికి రాత్రే జరుగుతుంది.

ప్రాజెక్టుకి ఆకుల సంచులు పెట్టండి, ఖర్చు తక్కువ. రావి ఆకులు గానీ కానుగ గానీ తీసుకోండి. వేప వద్దు, పురుగుల తిండిని అడ్డుకునే పదార్థాలు అందులో ఉంటాయి. నీడలో ఆరబెట్టి, ఒక్కో సంచికి 5 గ్రాములు తూచి, సగం సంచులు సెంటీమీటరు కన్నుల వలతో, సగం అర మిల్లీమీటరు కన్నుల వలతో కుట్టించండి. పెద్ద కన్నుల్లోకి పురుగులు వెళ్తాయి, చిన్న కన్నుల్లోకి సూక్ష్మజీవులే. రెండింటి తేడానే పురుగుల వాటా. బందరు కాలువ మీద ఊరు మొదలయ్యే చోట ఒకటి, ఊరు దాటాక ఒకటి ఎంచుకోండి, లేదా మీకు దగ్గరగా కొమ్మమూరు కాలువ. వేసవిలో కాలువలు కట్టేస్తారు కాబట్టి వానాకాలం ఉధృతి తగ్గాక మొదలుపెట్టడం మేలు. వారానికి ఒక విడత తీసి, కడిగి, లోపలి పురుగుల్ని వేరుచేసి, ఆకుల్ని ఓవెన్‌లో ఆరబెట్టి తూచండి. నీటిలో పెట్టకముందు కొన్ని ఆకుల్ని కూడా అలాగే ఓవెన్‌లో ఆరబెట్టి తూచి ఉంచుకోండి, లేకపోతే మొదటి బరువుకీ చివరి బరువుకీ పొంతన కుదరదు. మిగిలిన బరువు శాతం లాగరిథమ్‌ని రోజుల మీద గీస్తే వాలు వస్తుంది, అదే కుళ్లే వేగం.

రోజుల మీద ఒకసారి, డిగ్రీ-రోజుల మీద ఇంకోసారి గీయండి. 28 డిగ్రీల నీళ్లలో 10 రోజులంటే 280 డిగ్రీ-రోజులు. 4 డిగ్రీల స్వీడన్ వాగులో అంతకి 70 రోజులు పడుతుంది. అలా గీస్తేనే ఉత్తరాది ఫలితాల పక్కన మీవి పెట్టగలుగుతారు. నీటి ఉష్ణోగ్రత తెల్లవారుజామున, మధ్యాహ్నం రెండుసార్లూ రాసుకోండి. సంచుల్ని నీటిమట్టానికి బాగా కింద, ఇటుకకి కట్టి ముంచండి. పైకి కనబడితే మర్నాటికి ఉండవు. అక్కడ వల వేసే వాళ్లకి ముందే చెప్పి పెట్టుకోండి, అదనంగా అరడజను సంచులు కుట్టించుకోండి.